రథం రోజున కనిపించే వీధి మాకు రోజూ కావాలి

తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, ఊరి ప్రజాప్రతినిధులకు, టీటీడీ అధికారులకు, ట్రాఫిక్ పోలీసు అధికారులకు నమస్కారం.

ఒకరికే రాద్దామనుకున్నాను, కుదరలేదు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న మా పాత ఊళ్లో కాలవ ఒకరి చేతిలో ఉంటుంది, కరెంటు స్తంభం ఇంకొకరిది, గుడి ముందర జాగా వేరొకరిది, బండి ఇక్కడ ఆపొద్దని చెప్పే అధికారం మరొకరిది. ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసు పేరు చెప్పి పంపిస్తారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. ఒకచోట కూర్చుని చదువుతారని ఆశ.

నేను గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లోని ఒక సందులో పుట్టి పెరిగాను. మా నాయన ఇత్తడి సామాన్ల అంగడి నడిపాడు. ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు, ఇత్తడి తగ్గి స్టీలు ఎక్కువైంది. నేను కొర్లగుంటకు మారి చాలా ఏళ్లయినా వారానికి మూడు నాలుగు సార్లు గాంధీ రోడ్డులో నడుచుకుంటూ, కూడలిలో ఉన్న రాతి మండపం, అదే నాలుగు కాళ్ల మండపం, దాటి పోయి అమ్మను చూసొస్తాను.

పాత ఊరిని బాగుచేస్తామనే మాట నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఎవరు చెప్పినా మొదట వచ్చేది రోడ్డు వెడల్పు, తర్వాత ఆక్రమణల తొలగింపు, ఆ తర్వాత సుందరీకరణ. నేను చెప్పదలచుకున్నది ఒకటే. మా వీధులు పుట్టుకతో ఇరుకువి కావు, బండ్లు పెట్టి మనమే ఇరుకు చేశాం. వెడల్పు చేయకండి, ఖాళీ చేయండి.

గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో రథం లాగే రోజు ఒకసారి గుర్తు చేసుకోండి. ఎనిమిదో రోజు. ముందురోజు రాత్రే వీధిలో ఒక్క స్కూటరు లేకుండా చేస్తారు. అంగళ్ల ముందు కట్టిన పట్టలు విప్పేస్తారు, బయటికి వచ్చిన రేకులు ఎత్తేస్తారు, మెట్ల మీదున్న సామానంతా లోపలికి పోతుంది. అడ్డమొచ్చే తీగలను కరెంటోళ్లు తప్పిస్తారు. తెల్లారేసరికి ఆడవాళ్లు కల్లాపి చల్లి ముగ్గులు వేసేసి ఉంటారు. అప్పుడు చూడాలి ఆ వీధిని! ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కనిపిస్తుంది. అంత పెద్ద రథం, దాని మోకులు పట్టుకున్న వందల మంది, రెండు పక్కలా ఉప్పు మిరియాలు పట్టుకుని నిలబడ్డ జనం, చంకలో బిడ్డలు, మిద్దెల మీద ముసలోళ్లు, ఇంతమందికీ జాగా సరిపోతుంది. చక్రం కింద చెక్క దిమ్మ పెట్టి రథాన్ని మలుపు తిప్పేటప్పుడు కూడా సరిపోతుంది. ఆ రోజు కోసం ఒక్క ఇల్లు కూల్చలేదు, ఒక్క గోడ వెనక్కి జరపలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ వీధి మాయమైపోతుంది.

ఎందుకు మాయమవుతుందో మొన్న ఒక సాయంత్రం మా అంగడి మెట్టు మీద కూర్చుని చూశాను. గోడ దగ్గర మొదలుపెడితే ముందు అంగడి మెట్లు, మెట్ల మీద సరుకు, మా తమ్ముడి సరుకు కూడా ఉంది, దాచడం దేనికి. తర్వాత కాలవ మీద బండ, దాని మీద ప్లాస్టిక్ బిందెల దొంతర. బండ అంచున వరసగా మోటారు సైకిళ్లు. వాటిలో చాలావరకు కొనడానికి వచ్చినవాళ్లవి కావు, పొద్దున పెట్టి రాత్రికి తీసే మా అంగళ్లవాళ్లవే. వాటి ముందు పూలబుట్ట పెట్టుకుని ఒకామె. ఆమె ముందు మనుషుల కోసం ఆగిన ఆటో. దాని పక్కనుంచి దూరాలని చూస్తున్న కారు, ఆ కారుకు ఎదురుగా ఇంకో కారు. నడిచే మనిషికి వీటిలో ఎక్కడా చోటు లేదు. అప్పుడే గుండ్లు చేయించుకుని, నెత్తికి గంధం పూసుకుని, చెప్పుల్లేకుండా వస్తున్న ఒక కుటుంబం ఆటోకీ బైకు సైలెన్సరుకీ నడుమ పక్కకు తిరిగి దూరాల్సి వచ్చింది. చిన్నపిల్ల కాలికి సైలెన్సరు తగిలి చురుక్కుమంది. ఆ తల్లి తమిళంలో ఏదో అని పిల్లను ఎత్తుకుంది. మా ఊరికి స్వామిని చూడటానికి వచ్చిన బిడ్డ సార్ అది.

ఈ మొత్తంలో ఆక్రమణ అని ఎవరి పేరు రాస్తారు? పూలబుట్ట పేరే రాస్తారు. నాకు బాధ అక్కడే.

ఊరి పుట్టినరోజని ఏటా ఫిబ్రవరి 24న మీరే పండగ చేస్తున్నారు. 1130లో రామానుజులవారు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిన రోజని చెప్పి మాడ వీధుల్లో ఊరేగింపు తీస్తున్నారు. మంచిదే. మరి ఆ పెద్దాయన కాలం నుంచి ఈ వీధులు దేనికోసమని ఆలోచించండి. ముందు గుడి, గుడి చుట్టూ స్వామి తిరిగే వీధులు, వాటి చుట్టూ ఊరు. రథానికీ, నడిచే మనిషికీ సరిపడా పెట్టిన కొలతలివి. మునిసిపాలిటీ వచ్చిందే 1886లో, కార్లు ఆ తర్వాత. చివరగా వచ్చినదాని కోసం మొదట ఉన్నదాన్ని కూలగొట్టడం ఏ లెక్కన న్యాయం?

పైగా వెడల్పు చేస్తే ఏమవుతుందో మనం చూడని విషయమా? ఇంటి ముందు భాగం కొట్టేస్తారు, పాతకాలం అరుగులు, చెక్క స్తంభాలు పోతాయి, మిగిలిన సగం ఇంటికి రేకు షట్టర్ వస్తుంది. కొట్టగా వచ్చిన నాలుగడుగుల్లో ఆ వారమే కార్లు నిలబడతాయి. 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ తెరిచారు. తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం వైపు పోయే బండికి ఊళ్లో దిగాల్సిన పని లేకుండా పోయింది. అంటే దారిన పోయే బండ్లకు దారి దొరికింది. పాత ఊళ్లోకి ఇంకా వచ్చేవి ఇక్కడ పని ఉన్న బండ్లు, ఆపుకోవడానికి చోటు వెతుక్కునే బండ్లు. వాటికి ఊరి అంచున చోటు చూపిస్తే లోపలికి ఎందుకొస్తాయి?

ఇది నాకు కోపంగా మారిన సంగతి ఒకటి చెప్పాలి. ఆరేళ్ల కిందట ఒక శనివారం సాయంత్రం మా నాయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. అంగట్లోనే కూలబడ్డాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే తొందరగానే వచ్చింది, కానీ వీధి మొదట్లో ఆగిపోయింది. ముందు ఆటోలు, వాటి ముందు సరుకు దించుతున్న మినీ లారీ. హారన్ మోత వినిపిస్తూనే ఉంది, బండి మాత్రం కదల్లేదు. ఎంతసేపు చూస్తాం? ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు ఎత్తుకున్నారు. ముందు ఇద్దరు మా తమ్ముడూ పక్కంగడి అబ్బాయీ. వెనక ఇద్దరు అరటిపండ్ల బండాయన, జామకాయలమ్మే కుర్రోడు. వాళ్ల బండ్లు అక్కడే వదిలేసి వచ్చారు. నేను ముందు నడుస్తూ జరగండి సామీ, జరగండి అని అరుస్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా నాయన నిమ్మళంగానే ఉన్నాడు, నా చెయ్యి పట్టుకుని, అంగడి తాళం వేశారా అని అడిగాడు. అదృష్టం బాగుండి బతికాడు, ఇంకా మూడేళ్లు ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి ఆ జామకాయల కుర్రోడి బండిని ఎవరో పక్కకు తోసేశారు, కాయలు సగం కాలవలో ఉన్నాయి. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఒక్క మనిషికే దారి దొరకని చోట నిప్పంటుకుంటే ఏమిటని తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. 2023 జూన్‌లో గోవిందరాజస్వామి గుడి దగ్గరే ఫోటో ఫ్రేముల దుకాణమున్న భవనం తగలబడింది మీకందరికీ తెలుసు. ఆ పొగ మా మిద్దె మీద నుంచి కనిపించింది. చెక్క, అద్దం, జిగురు, అట్టపెట్టెలు మా వీధుల్లో ప్రతి రెండో మిద్దెలోనూ ఉంటాయి, పైన చేతికందేలా తీగలు. ఇక జనం సంగతి. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అది బైరాగిపట్టెడలో జరిగింది, మా వీధుల్లో కాదు. కానీ ఆ రోజు తర్వాత గుంపును చూస్తే ముందు బయటికి పోయే దారి ఎటని వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది. బ్రహ్మోత్సవాలప్పుడు, గంగమ్మ జాతరప్పుడు మండపం చుట్టూ నిలబడి ఆ దారి వెతికితే ప్రతి సందు మొదట్లోనూ మోటారు సైకిళ్లే. కొండకు రోజూ 60 వేల నుంచి 80 వేల మంది పోయి వస్తున్నారు, రైల్వే స్టేషన్‌ను పెద్దగా కడుతున్నారు. స్టేషన్ నుంచి గోవిందరాజస్వామి గుడికి నడిచి పోయేంత దూరం. రేపు ఆ కొత్త స్టేషన్ మెట్లు దిగిన జనం ఎక్కడికొస్తారు? మా దగ్గరికే.

జాతర అంటే ఇంకో మాట చెప్పాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు గుడి దగ్గరే ఆగవు, ఈ వీధులన్నీ తిరుగుతాయి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి, నెత్తిన సున్నపు కుండలు. మా తమ్ముడు చిన్నప్పుడు ఒళ్లంతా నామం సుద్ద పూసుకుని బైరాగి వేషం కట్టి మా సందు మొత్తం పరిగెత్తాడు, ఇంటింటి గడపలో నీళ్లు పోసి పంపారు. పోయినసారి వాడి కొడుక్కి వేషం కట్టి, చెయ్యి వదలకుండా బైకుల నడుమ నడిపించుకుని రావాల్సి వచ్చింది. ఆ పిల్లోడికి జాతరంటే హారన్లే గుర్తుంటాయేమో. ఈ కూడలి అందం అంటే నాకు ఇదే సార్. పిల్లోడు చెయ్యి విడిపించుకుని పరిగెత్తగలగడం. ఫౌంటెన్, రంగురంగుల లైట్లు, సెల్ఫీ బోర్డు మేమెవరం అడగలేదు.

ఇప్పుడు పూలమ్మేవాళ్ల సంగతి. ఆక్రమణల తొలగింపు అనగానే లారీ వచ్చి బుట్టలు, గొడుగులు, తక్కెడలు ఎత్తుకుపోతుంది. మూరల లెక్కన పూలమ్మే ఒకామె మా మెట్టు పక్కన 20 ఏళ్లుగా కూర్చుంటోంది. నాకు మూడడుగుల జాగా చాలమ్మా, కాకపోతే రోజూ అదే జాగా ఉండాల, రేపు యాడ కూర్చోవాలో తెలీకుండా ఎట్ట నిద్రపోయేది అని అంటుంది. ఆమె అడిగేది దయ కాదు, 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టంలో ఉన్నదే. సర్వే చేసి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. లేపాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఎక్కడో ఊరి బయట రేకుల షెడ్డు కట్టి అక్కడికి పొమ్మంటే ఆమె పూలు ఎవరు కొంటారు? గుడికి పోయే దారిలోనే కదా పూలు కొనేది. మండపం చుట్టూ, గాంధీ రోడ్డు పొడుగునా నేల మీద గళ్లు గీసి, నంబరు వేసి, ఆ గడి ఆమెదని రాసివ్వండి. గడి దాటితే అప్పుడు జరిమానా వేయండి. అదే రూలు మా తమ్ముడి మెట్ల మీద సరుక్కీ పెట్టండి, ఒప్పుకుంటాం.

పనులు చేసే వరస గురించి గట్టిగా చెప్పాలి. మన దగ్గర ముందు బండలు పరుస్తారు, ప్రారంభోత్సవం అవుతుంది, ఆరు నెలలకు నీళ్ల పైపు కోసం ఇంకొకరొచ్చి పగలగొడతారు, తర్వాత కేబులోళ్లు, తర్వాత కాలవ. ఏ రెండు బండలూ సమంగా ఉండవు, ముసలోళ్లు తట్టుకుని పడతారు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో ఏరులు పారడం అందరం చూశాం. మా సందులో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి అంగట్లో కింది అరలన్నీ మునిగాయి. కాలవలు సగం పూడిపోయి, సగం మెట్ల కింద కప్పబడిపోయి ఉంటే నీళ్లు మాత్రం ఏం చేస్తాయి? కాబట్టి ముందు కాలవలు తెరిచి పూడిక తీయండి, మెట్లు అడ్డమొస్తే మెట్లు జరపండి. తర్వాత నీళ్ల పైపులు, కరెంటు తీగలు, కేబుళ్లు అన్నీ ఒకేసారి భూమిలోకి దించండి. తీగలు కిందికి పోతే రథం రోజున వాటిని తప్పించే పని ఉండదు, ఫైరింజన్ నిచ్చెనకు అడ్డముండదు. పరిచే పని అన్నిటికన్నా చివర.

పరిచేటప్పుడు కూడా ఒక్కసారి కాళ్లను తలుచుకోండి. మే నెలలో మా ఊరి ఎండ గురించి మీకు చెప్పాలా? చెప్పుల్లేకుండా నడిచే యాత్రికులు నున్నటి నల్లబండ మీద గంతులేస్తూ పోతుంటారు, చూడలేం. నీడ కావాలి. చెట్లు పెట్టే చోట చెట్లు, పెట్టలేని చోట పందిరి, కొండమీద వేసినట్టు తెల్లటి చలవ రంగు పట్టీలు. జారే టైల్స్ వద్దే వద్దు. తాగే నీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు. మా అంగట్లోకి వచ్చి ఏమీ కొనకుండా మొహమాటంగా నిలబడి, చివరికి మెల్లగా బాత్రూం ఎక్కడమ్మా అని అడిగే ఆడవాళ్లు రోజుకు ఎంతమందో. మా అమ్మ ఎవరినీ కాదనదు, కానీ అది ఒక ముసలామె మీద వేయాల్సిన బాధ్యత కాదు.

నాలుగు కాళ్ల మండపాన్ని మాత్రం బాగుచేస్తున్నామని చెప్పి పాడుచేయకండి. రాతికి రంగు వేయొద్దు, సిమెంటు పూయొద్దు, చుట్టూ గ్రానైటు గోడ కట్టొద్దు. ఫ్లెక్సీలు కట్టనివ్వకండి, ఏ పార్టీదైనా, ఏ పండగదైనా. రాతి పని తెలిసిన మనిషిని పిలిచి కడిగించండి, అతుకులు చూపించండి, చాలు. దానికింద ఎవరైనా కాసేపు కూర్చుంటే కూర్చోనివ్వండి.

అంగళ్లవాళ్ల భయం నాకు తెలుసు. బండ్లు ఆపేస్తే వ్యాపారం పోతుందని మా తమ్ముడే నాతో గొడవపడ్డాడు. నీ దగ్గర కొనేవాళ్లలో బండి మీద వచ్చేవాళ్లెందరు, నడిచి వచ్చేవాళ్లెందరు అని అడిగాను. కాసేపు ఆలోచించి, నడిచేవాళ్లే ఎక్కువ, కానీ పెళ్లి సామాన్లు, పెద్ద గంగాళాలు కొన్నవాళ్లు ఎట్ట మోసుకుపోతారక్కా అన్నాడు. న్యాయమైన మాటే. అందుకే సరుకు దించుకోవడానికి రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా లారీలను రానివ్వండి. పగలు తోపుడు బండ్లతో, బ్యాటరీ ఆటోలతో సామాను పార్కింగు దాకా చేర్చే ఏర్పాటు చేయండి, పదిమందికి పని కూడా దొరుకుతుంది. లోపల కాపురమున్నవాళ్ల బండ్లకు స్టిక్కర్లివ్వండి. నడవలేనివాళ్లకు బ్యాటరీ బండి గుడి దాకా రావాలి. అంబులెన్సుకూ ఫైరింజనుకూ ఎప్పుడూ ఒక దారి ఖాళీగా ఉండాలి, ఆ దారిలో బండి పెడితే ఎవరిదని చూడకుండా ఎత్తుకుపోవాలి.

ఇది జరగని పని కాదు. హైదరాబాదులో 1591 నాటి చార్మినార్ చుట్టూ ఒకప్పుడు బస్సులు తిరిగేవి, ఇప్పుడు మనుషులు నడుస్తున్నారు. అది తేలడానికి ఎన్నో ఏళ్లు పట్టింది, అయినా తేలింది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా 1.3 కిలోమీటర్లు 2021లో బాగుచేసి, పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు రాకూడదన్నారు. అక్కడి కష్టమూ మనం నేర్చుకోవాల్సిందే. రూలు పెట్టాక కాపలా పలచబడితే బండ్లు మళ్లీ దూరాయి. మూడు నెలలు గట్టిగా చూసి తర్వాత వదిలేస్తామంటే మొదలుపెట్టకండి, ప్రజల డబ్బు దండగ. ఎవరి బాధ్యతో ఒక్క ఆఫీసరు పేరు మండపం దగ్గర బోర్డు మీద రాసి ఫోన్ నంబరు పెట్టండి, మేం ఫోన్ చేస్తాం.

కోట్ల రూపాయల టెండర్లు పిలవకముందే చేయగలిగిన పని ఒకటుంది. దానికోసమే ఇంత పెద్ద ఉత్తరం రాశాను. వచ్చే బ్రహ్మోత్సవాల్లో ధ్వజావరోహణంతో ఉత్సవాలు ముగిసిన మర్నాడు బారికేడ్లు తీయకండి. పది రోజులు అలాగే ఉంచండి. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా గుడి చుట్టూ వీధుల్లోకి, మండపం దాకా, మోటారు బండ్లు రాకుండా చూడండి. ఆ పది రోజుల్లో ఎవరి వ్యాపారం పెరిగింది, ఎవరిది తగ్గింది, ముసలోళ్లకు ఎక్కడ ఇబ్బందైంది, సరుకు ఎక్కడ ఆగింది, అన్నీ రాసుకుందాం. తగ్గినవాళ్ల మాట ముందు విందాం. మా తమ్ముడు ఒప్పుకున్నాడు, వాడి బైకు ఆ పది రోజులూ మా ఇంట్లో కొర్లగుంటలో పెట్టుకుంటాడు. లెక్కలు రాయడానికి మనుషులు లేరంటే మా సందులో చదువుకునే పిల్లలు ఎనిమిది మంది సిద్ధంగా ఉన్నారు. రోజూ సాయంత్రం 5 తర్వాత నేనూ మండపం దగ్గరే ఉంటాను.

ఇట్లు,
గోవిందరాజస్వామి గుడి పక్క సందులో పుట్టిన మనిషి,
తిరుపతి